దమ్మున్నదా?

చంద్రపూర్ బాబుపేట్‌లో తన క్లినిక్ షట్టరెత్తగానే డాక్టర్ సుభాషిణి ముందు కిటికీ తెరుస్తుంది. దేవుడి పటానికి అగరొత్తులు ఆ తర్వాతే. రాత్రంతా బయట ఉండిపోయిన ఆమె మాటలు కొన్ని అప్పటికే కిటికీ చువ్వల దగ్గర కాచుక్కూర్చుని ఉంటాయి. "రాత్రిపూట నూనె వస్తువు ముట్టకు" అన్న మాట లోపలికొచ్చి బీరువా ఎక్కుతుంది. "గోళీ తిన్నంకనే ఎయ్యి" అన్నది బల్ల కిందికి దూరుతుంది. కాంపౌండర్ విఠల్ చీపురు పట్టుకుని వాటిని అదిలించకుండా పక్కపక్కనుంచే ఊడ్చుకుంటూ పోతాడు.

ఆమె చెప్పిన మాట రోగి వెంట ఇంటిదాకా పోతుంది. చిన్నప్పటి నుంచీ ఆమె మాట తీరే అంత. కంటికి కనబడదు, చెవికి వినబడుతుంది. ఏ గూట్లోనో, గడప మీదో, బియ్యం డబ్బా పక్కనో చేరి, చెప్పిన పని అయ్యేదాకా డాక్టరమ్మ గొంతుతోనే గుర్తుచేస్తూ ఉంటుంది. పని అయిందా, పొద్దుగూకే వేళకు కోడి గూటికి చేరినట్టు క్లినిక్‌కి తిరిగొస్తుంది. చక్కెర జబ్బున్న పోశం ఇంట్లో "చాయ్‌ల చక్కెర బంద్" అన్న మాట ఏళ్ళ తరబడి కాపురముంటోంది. ఇంటికి సున్నం వేసినప్పుడల్లా పోశం భార్య దాన్ని కాస్త జరగమంటుంది. చుట్టాలొస్తే దాని గొంతు బయటికి రాకుండా మాట మీద గంప బోర్లిస్తారు. అందుకే ఆ వాడకు పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు పిల్లను తర్వాత చూస్తారు, ముందు ఇంట్లో ఎన్ని గంపలు బోర్లించి ఉన్నాయో చూస్తారు.

మాట ఇంకో సందర్భంలో కూడా తిరిగొస్తుంది. మనిషే పోయినప్పుడు. వినేవాళ్ళు లేని ఇంట్లో దానికేం పని? అలా వచ్చినవి కిటికీలో కూర్చుని కిక్కురుమనవు. అలాంటి మాట వచ్చినప్పుడు సుభాషిణి ఏ పనిలో ఉన్నా కుర్చీలోంచి లేచి నిలబడుతుంది.

ఆ ఎండాకాలం కరోనా రెండోసారి వచ్చింది. చంద్రపూర్ ఎండ సంగతి వేరే చెప్పాలా, అందులో మూతికి గుడ్డ కట్టుకోమంటే జనం డాక్టర్లను తిట్టుకున్నారు. సుభాషిణి తిట్లు పడింది గాని క్లినిక్ మూయలేదు. వాకిట్లో సున్నంతో గుండ్రాలు గీయించి, వచ్చినవాళ్ళను వాటిలో నిలబెట్టి, కిటికీలోంచే చూసేది. "తలుపులు, కిటికీలు తెరిచి పెట్టుండ్రి." "జొరమస్తె వేరే అర్రల పండుకో." "వాట్సాప్‌ల చెప్పిన కషాయాలు తాగకు, కడుపు కాలుతది." "టీకా ఏసుకుంటె ఏం గాదు, నేనేసుకున్న, సూడు బతికే ఉన్న." పొద్దంతా చెప్పిందే చెప్పీ చెప్పీ ఆమె గొంతు బొంగురుపోయింది. దాంతో వాడంతా బొంగురు గొంతులే. ఏ ఇంటి ముందునుంచి పోయినా లోపల ఆమె ఎవరినో చేతులు కడుక్కోమంటూనే ఉండేది. అయినా జనం వింటున్నారనే ఆమెకు సంతోషం. సాయంత్రానికి మాటలు ఏ సందునుంచి ఎన్ని తిరిగొచ్చాయో చూసుకుంటే, ఎక్కడ బాగుందో, ఎక్కడికి పొద్దున్నే పోవాలో తెలిసిపోయేది.

ఆ రోజుల్లోనే ఒకనాడు రాయమల్లు వచ్చి గుండ్రంలో నిలబడ్డాడు. మంచిర్యాల నుంచి పద్మాపూర్ బొగ్గుబాయిలో పనికి వచ్చి, సుభాషిణి తండ్రితో ఒకే షిఫ్టులో దిగి, రిటైరై బాబుపేట్‌లో ఇల్లు కట్టుకున్నవాడు. ఆమెను ఎత్తుకుని తిప్పినవాడు కూడా. ఆ చనువుతో మాస్కును గడ్డానికి వేలాడదీసుకుని వచ్చాడు.

"కాకా, మాస్క్ గడ్డానికి గాదే, ముక్కుకు."

"ముక్కుకు పెడ్తె మాటెట్లస్తది బిడ్డా?"

"మాట నోట్లకెల్లి వస్తది."

"నీకు తెల్వది. బొగ్గు తిన్నోల్ల మాట ముక్కులకెల్లే వస్తది."

"జొరం ఎట్లుంది?"

"నాకు పోయింది. మీ చిన్నమ్మకు మొన్న వచ్చింది, అది గూడ పోయింది. వంట చేస్తుంది, నన్ను తిడ్తుంది. మంచిగనే ఉన్నది."

"ఇంట్ల ఎవలికన్న దమ్మున్నదా?"

రాయమల్లు ఛాతీ విరుచుకున్నాడు. "గదేం మాట బిడ్డా! ముప్పై ఏండ్లు బాయిల దిగినోన్ని. మా ఇంట్ల అందరికి మస్తు దమ్మున్నది. కరోనా గాదు, దాని తాత రానీ!"

వెనక గుండ్రాల్లో ఉన్నవాళ్ళు ఘొల్లుమన్నారు. సుభాషిణి కూడా నవ్వింది. అక్కడి తెలుగులో ఊపిరాడని ఆయాసానికీ దమ్మే, గుండెల్లో ధైర్యానికీ దమ్మే. ఒకటుంటే దవాఖానకు పోవాలి, రెండోది ఉంటే మీసం తిప్పాలి. ఇంకోలా అడగాలని ఆమె అనుకునేలోపే వెనక గుండ్రంలో ఎవరో దగ్గుతూ కూలబడ్డారు. విఠల్ అటు పరుగెత్తాడు. రాయమల్లు గోళీలు జేబులో వేసుకుని ఇంటిదారి పట్టాడు. "దమ్మున్నదా?" అన్న మాట అతని వెనకాలే నడిచిపోయింది.

సలహాలు ఆలస్యంగా వస్తాయేమోగాని, ప్రశ్నలు ఎప్పుడూ అలా పోయి ఇలా వచ్చేస్తాయి. వాటికి జవాబు దొరికితే చాలు. మరునాడు సాయంత్రం బీరువా మీదా, బల్ల కిందా వెతికి విఠల్ వచ్చి చెప్పాడు. అతనిది మరాఠీ ఇల్లు. తెలుగు క్లినిక్‌లోనే నేర్చాడు కాబట్టి రెండూ కలిపి వండుతాడు. ప్రశ్నను సవాల్ అంటాడు, ఇంకా అనాల్సిన చోట అజూన్ అంటాడు.

"మేడం, ఒక సవాల్ అజూన్ రాలే."

"ఏది?"

"దమ్మున్నదా. రాయమల్లు కాక ఇంట్లకెల్లి రాలే."

"అదెందుకు రాలే? కాక మస్తుందని జవాబు చెప్పిండు గద..." అంటూనే సుభాషిణి ఆగిపోయింది. జవాబు దొరికితే మాట రావాలి. రాలేదంటే దొరకలేదన్నట్టే. రాయమల్లు చెప్పింది ఆమె అడిగిన దమ్ముకు కాదు. నలుగురితో పాటు తనూ నవ్వి ఊరుకున్నందుకు ఆమెకు తన మీద తనకే మండిపోయింది. ఆక్సిజన్ చూసే మిషన్ చేతిలో పట్టుకుని, చెప్పులు సగం సగం తొడుక్కుని బయల్దేరింది.

రాయమల్లు ఇంటి ముందు రేకుల నీడన మంచం మీద కూర్చున్నాడు. "ముక్కు మీదికి గుంజుకో" అని మంచం కోడు దగ్గర్నుంచి ఆమె మాట అంటోంది. "ఊకోయే" అని అతను దాన్ని కసురుకుంటున్నాడు.

"కాకా, నా సవాల్ ఏది?"

"గా మాటనా? వంటింట్ల ఉన్నది. మీ చిన్నమ్మ ఎంబడే తిరుగుతుంది. దమ్మున్నది, దమ్మున్నది అని నేను గొంతు చించుకున్నా దానికి సాల్తలేదు. జెర తీస్కపో బిడ్డా, దాంతోని నిద్ర లేదు."

వంటింట్లో ఒక మూల గంప బోర్లించి ఉంది. గంప మీద రోటి పొత్రం పెట్టి ఉంది. కింద నుంచి తన గొంతే పూడుకుపోయినట్టు వినబడింది సుభాషిణికి: "దమ్మున్నదా? దమ్మున్నదా?" పొయ్యి దగ్గర రాయమల్లు భార్య నర్సక్క గోడకానుకుని జొన్నరొట్టె కొడుతోంది. రెండు దెబ్బలు కొట్టి ఆగుతోంది. మళ్ళీ రెండు దెబ్బలు కొట్టి ఆగుతోంది. ఆ వాడలో నర్సక్క రొట్టె చప్పుడు ఆగకుండా దరువు వేసినట్టు ఉంటుందని పేరు.

"చిన్నమ్మా."

"మంచి... గనే... ఉన్న... బిడ్డా."

సుభాషిణి పొత్రం తీసి పక్కన పెట్టింది. గంప ఎత్తింది. మాట పోయి నర్సక్క ఒళ్ళో కూర్చుంది. నిన్నటి నుంచి అరిచి అరిచి ఉన్నదల్లా అప్పుడు మాత్రం మెల్లగా, చంటిపిల్లనడిగినట్టు అడిగింది.

"దమ్మున్నదా?"

నర్సక్క గుమ్మంలో నిలబడ్డ మొగుడి వంక చూసింది. పిండి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. కళ్ళు నిండాయి. అవునన్నట్టు తల ఊపింది గాని, నోటితో చెప్పలేదు. నోటి మాట లేనిదే మాటలు కదలవు, అది అక్కడే ఉండిపోయింది.

వేలికి మిషన్ పెట్టి చూస్తే అంకె ఉండవలసిన దానికంటే చాలా కిందికి పడి ఉంది. ఇంకో రోజు ఈ గంప ఇలాగే ఉంటే ఏమయ్యేదో సుభాషిణికి తెలుసు. ఫోన్ తీసి, తెలిసిన వాళ్ళందరికీ చేసింది. బెడ్ లేదన్నారు, లేదన్నారు, తిట్టింది, బతిమాలింది, చివరికి సర్కారు దవాఖానలో ఒకటి ఖాళీ అవుతోందన్నారు.

దవాఖాన అనగానే నర్సక్క సుభాషిణి చెయ్యి పట్టుకుంది. "ఎల్లమ్మను గూడ... గా తెల్ల బండిలనే... తీస్కపోయిండ్రు బిడ్డా. ఇంటికి... చెప్పులే వచ్చినయి." ఎల్లమ్మది ఎదురిల్లు. ఆ చెప్పులు ఇప్పటికీ వాళ్ళ గడప బయటే ఉన్నాయి. "నేను పోతె... ఈయనకు రొట్టె ఎవలు చేస్తరు?"

రాయమల్లు గుమ్మంలోనే కూలబడ్డాడు. ముప్పై ఏళ్ళు బాయిలో దిగిన మనిషి, ఇంట్లో నాలుగడుగుల దూరంలో పెళ్ళానికి ఊపిరాడడం లేదని తెలుసుకోలేకపోయాడు. తనవల్లే వచ్చిందేమో ఈ జ్వరం కూడా. మాస్కు ముక్కు మీదికి లాక్కుని, దాని వెనకాల ఏడ్చాడు. మంచం కోడు దగ్గర ఏడాది నుంచి పాతుకుపోయిన మాట లేచి, ఎవరికీ అడ్డం రాకుండా క్లినిక్ వైపు వెళ్ళిపోయింది.

బండి వచ్చింది. "ఒక్కదాన్నే పోవాల్నా?" అంది నర్సక్క.

"ఒక్కదానివెందుకు? నా మాట వస్తది నీ ఎంబడి. దమ్ము పొయ్యేదాక అడుగుతనే ఉంటది, అడిగినప్పుడల్లా ఉన్నది ఉన్నట్టు చెప్పు. దానిమీద గంప పెట్టకు. బోర్ల పండుకో, భయపడకు." పాత ప్రశ్నా, ఈ చివరి రెండు మాటలూ, మూడూ ఆమె వెనకాలే బండెక్కాయి.

మరునాటి నుంచి సుభాషిణికి కిటికీ తెరవాలంటే భయమేసింది. ఆయాసం తగ్గకముందే ప్రశ్న తిరిగొచ్చిందంటే మనిషి పోయిందనే అర్థం. మొన్నటిదాకా ఎప్పుడొస్తుందా అని చూసిన మాట, ఇప్పుడు రాకూడదని ఆమె మొక్కుకుంది. ఒక పొద్దున "బోర్ల పండుకో" ఒక్కటే వచ్చి బీరువా ఎక్కి చప్పుడు చేస్తే ఆమెకు కాస్త ప్రాణం కుదుటపడింది. కాసేపటికి రాయమల్లు వచ్చి గుండ్రంలో నిలబడ్డాడు. మాస్కు కళ్ళకిందిదాకా ఉంది.

"సవాల్ వచ్చిందా బిడ్డా?"

"రాలే కాకా."

"రాలేదా? మంచిది, మంచిది" అని వెళ్ళిపోయాడు. రోజూ అంతే. జ్వరం గోళీలకు వచ్చిన వాళ్ళు కూడా ముందు "రాలే కద?" అని అడిగి, తర్వాత తమ రోగం చెప్పుకునేవారు. రాయమల్లు రొట్టె కొట్టడం మొదలుపెట్టాడు. ఆ చప్పుడు విని వాడలో ఆడవాళ్ళు నవ్వుకున్నారు గాని, మాడిన రొట్టె తింటున్నాడని కూర మాత్రం గడప దగ్గర పెట్టి పోయేవారు. వార్డులో ఉన్న ఒక నర్సు ఫోన్ చేసి, మీ మాట మమ్మల్ని నడుం వాల్చనివ్వడం లేదు మేడం, అది గొంతు పెంచినప్పుడల్లా పోయి చూస్తే ఆక్సిజన్ పైపు ఊడి ఉంటోంది, అని చెప్పింది. తిడుతోందో మెచ్చుకుంటోందో అర్థం కాలేదు గాని, సుభాషిణి ఆ రోజు కడుపునిండా తింది.

ఎండలు ముదిరి, మొదటి వాన పడి, వాకిట్లో సున్నం గుండ్రాలు సగం కొట్టుకుపోయిన రోజున క్లినిక్ ముందు ఒక ఆటో ఆగింది. రాయమల్లు ముందు దిగి చెయ్యి అందించాడు. నర్సక్క దిగింది. మనిషి సగమైంది. చంకలో గుడ్డ కప్పిన గంప ఉంది.

"మేడం!" అని కేకేశాడు విఠల్. సుభాషిణి కుర్చీలోంచి లేచి నిలబడింది.

నర్సక్క మెల్లగా నడిచొచ్చి గంపను కిటికీ గట్టు మీద పెట్టింది. "నువ్వే పో అన్న, పోతలేదు. నువ్వడిగిన తాన్నే జవాబు చెప్పాల్నట" అంటూ గుడ్డ తీసింది.

"దమ్మున్నదా?" అంది మాట.

నర్సక్క గుండెలనిండా గాలి పీల్చి, అందరికీ వినబడేలా వదిలింది. "లేదు, పో."

మాట చువ్వల మధ్యనుంచి దూరి బీరువా ఎక్కింది. ఎక్కి, ఇన్నాళ్ళకు నోరు మూసుకుని నిద్రపోయింది. సుభాషిణి నవ్వబోయి, కొంగుతో కళ్ళొత్తుకుంది. అప్పుడామెకు ఇన్నాళ్ళూ లోపల నలుగుతున్నది అడగకుండా ఉండబుద్ధి కాలేదు.

"చిన్నమ్మా, ఇంట్ల అది మొత్తుకుంట తిరిగినా గంప కింద పెట్టినవు. నాకన్న ఎందుకు చెప్పలే?"

నర్సక్క ఒకసారి రాయమల్లు వంక చూసింది. అతను మాస్కును ఇంకాస్త పైకి లాక్కున్నాడు.

"ఏం జెప్పాలె బిడ్డా! దమ్మున్నదని చెప్పెటందుకు దమ్ము లేకపాయె."