గోనె సంచుల కింద ఎండ

తిరుపతిలో ఇల్లున్నవాడికి చుట్టాల కొరత ఉండదు. గాంధీ రోడ్డులో బట్టల కొట్టున్న వరదయ్యకైతే మరీనూ. కొండకు పోయేవాళ్ళు, కొండ దిగొచ్చినవాళ్ళు, గుండు చేయించుకోబోయేవాళ్ళు, మేనత్త తోటికోడలి తమ్ముణ్ణని చెప్పుకుని దిగేవాళ్ళు, అందరికీ తెల్లవారుజామున మూడింటికే వేణ్ణీళ్ళు కావాలి. ఆ నీళ్ళు కాచేది మునెమ్మ. పెరట్లో మూడు రాళ్ళ మీద రాగి అండా, దాని పక్కన కట్టెల కొట్టం, కొట్టంలో ఒక మూల ఆమె చాప, రేకు పెట్టె. పద్నాలుగేళ్ళుగా ఆమె జీతమూ తిండీ నీడా ఆ పొయ్యి చుట్టూనే ఉన్నాయి.

ఎనభై నాలుగు ఎండాకాలం మొదట్లో వరదయ్యకు కట్టెల మీద విరక్తి పుట్టింది. బెంగుళూరులో వియ్యంకుడి మిద్దె మీద ఎండకే నీళ్ళు కాగే యంత్రాన్ని చూసొచ్చాడు. నెలరోజులు కొట్టుకొచ్చిన ప్రతివాడికీ చీర చూపించే ముందు దాని సంగతి చెప్పి, చివరికి మద్రాసు కంపెనీకి ఉత్తరం రాశాడు. అద్దం మూతలున్న నల్లటి వెడల్పాటి పెట్టెలు రెండు, పీపాలాంటి ట్యాంకు ఒకటి లారీలో వచ్చాయి. వాటిని బిగించడానికి కంపెనీ తరఫున చిత్తూరు నుంచి ఖాదర్ బాషా వచ్చాడు.

"ఇంక కట్టెలతో పనేముండాది? కొట్టం పీకేసి ఆడ స్కూటరు పెట్టుకుంటాం," అంది వరదయ్య భార్య చంద్రకాంతమ్మ, చాటలో బియ్యం ఏరుకుంటూ. "నువ్వు ఐరాలకు మీ తమ్ముడి కాడికి పోదువులే మునెమ్మా."

పోదువులే! అనడం ఎంత తేలిక. మొగుడు పోయిన అక్కను ఆ తమ్ముడు పద్నాలుగేళ్ళలో ఒక్క పూట అన్నానికి పిలిచిన పాపాన పోలేదు. ఒకసారి తనే సిగ్గు విడిచి పోతే, మరదలు చెంబుతో నీళ్ళిచ్చి, ఆ చెంబు తిరిగి తీసుకునేలోపే తిరుగు బస్సు ఎన్నింటికో అడిగింది. ఇక ఈ కొట్టం పోతే మునెమ్మకు పోవడానికి చోటే లేదు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ పట్టలేదు. ఎందుకు పడుతుంది?

మిద్దె మీది పెట్టెల్ని చూస్తే మునెమ్మకు ఒళ్ళు మండేది. బాషా మీద కూడా కోపం పెంచుకుందామనుకుంది గానీ ఆ మనిషి కుదరనివ్వలేదు. నలభై ఏళ్ళవాడు. వచ్చిన రోజే అక్కా అన్నాడు. కట్టెల మోపు కనిపిస్తే చేతిలో పని వదిలేసి వచ్చి భుజాన వేసుకునేవాడు. మధ్యాహ్నం కొట్టం గడప మీదే కూర్చుని చిత్తూరు నుంచి తెచ్చుకున్న రొట్టెలు తినేవాడు. ఇక పైపుల సంగతి మొదలెడితే, వినేది మునెమ్మ అయినా ఇంజినీరయినా అతనికి ఒకటే.

ఆదివారం సాయంత్రానికి బిగింపు అయిపోయింది. మరలు ఒకసారి సరిచూసుకుని నీళ్ళు నింపడమే మిగిలింది.

"రేపు పొద్దున ఆరింటికే నీళ్ళు వదిలేస్తా సామీ," అన్నాడు బాషా. "ఎండెక్కితే కష్టం."

వరదయ్య పంచాంగం తెచ్చి కళ్ళజోడు పెట్టుకున్నాడు. "ఆరింటికి వర్జ్యం. ఏడున్నరకు రాహుకాలం. తొమ్మిదికి లగ్నం బాగలేదు. పదిన్నర కాణ్ణించి యమగండం. పన్నెండు దాటినాక అభిజిత్తు. సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. సూర్యుడి యంత్రానికి అంతకంటే మంచి ముహూర్తం యాడుండాది బాషా?" యంత్రానికి జాతకం రాయించలేదు, అదే పదివేలు.

బాషా తల గోక్కున్నాడు. "అట్లయితే అద్దాల మీద సంచులు కప్పాల సామీ. నీళ్ళు నిండినాకే తియ్యాల." రెండు పెట్టెలనూ గోనె సంచులతో మూడు మడతలు కప్పి, గాలికి లేవకుండా అంచుల మీద ఇటుకలు పెట్టాడు.

సోమవారం తొమ్మిదింటికి నీళ్ళు కారకుండా పైపు మరలకు చుట్టే జనుము తక్కువైందని బజారుకు బయల్దేరుతూ మునెమ్మను మిద్దె మీదికి పిలిచాడు. "అక్కా, నువ్వొక కన్నేసి ఉండు. ఎవురినీ సంచులు తియ్యనియ్యబాక. లోపలంతా రాగి గొట్టాలు. నీళ్ళు లేకుండా ఎండ తగిలితే పెనం మాదిరి కాగిపోతాయి. కాగిన పెనం మీద చన్నీళ్ళు సల్లితే ఏమవతాది?"

"సుయ్యిమని లేస్తాది."

"అంతే. అద్దం గూడా నిలవదు."

అతను పోయిన కాసేపటికి చంద్రకాంతమ్మ పసుపు కుంకుమల పళ్ళెంతో మెట్లెక్కింది. వెనకాల దర్శనానికొచ్చిన చుట్టాలమ్మలు ఇద్దరు. యమగండం రాకముందే పూజ మొదలెట్టాలట. సంచుల ముసుగేసుకున్న దానికి పూజేమిటి, సూర్యుడి చూపు పడకుండా సూర్యుడి పూజేమిటి, తియ్యమంది.

"బాషా తియ్యొద్దన్నాడమ్మా," అంది మునెమ్మ.

"పూజల సంగతి సాయిబు నాకు చెప్పాల్నా?"

మునెమ్మ ఇటుకలు పక్కన పెట్టి సంచులు తీసింది. కుంకుమ బొట్లు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు, హారతిచ్చారు. తరవాత చుట్టాలమ్మలకు మిద్దె మీద నుంచి కొండ చూపించారు, గాలిగోపురం చూపించారు, ఎవరి పెళ్ళి ఎందుకు చెడిపోయిందో చెప్పుకున్నారు. పదికి తీసిన సంచులు పదకొండున్నర దాకా నేల మీదే ఉన్నాయి. ఎండ నిప్పులు చెరుగుతోంది.

"ఆ బొట్లు తుడిచేసి మళ్ళా కప్పెయ్," అంది చంద్రకాంతమ్మ మెట్లు దిగుతూ. "సాయిబుకు చెప్పబాక. అన్నిటికీ గొణుగుతాడు. ముహూర్తం తప్పిపోతాది."

మునెమ్మ కొంగుతో అద్దం తుడవబోతే చెయ్యి చురుక్కుమంది. కొంగు మడత పెట్టి తుడిచింది. సంచులు ఎట్లా ఉన్నవి అట్లాగే పరిచి, ఇటుకలు మళ్ళీ ఎత్తి పెట్టింది. పెనం సంగతి ఆమెకు బాగా గుర్తుంది. మర్చిపోయిందని చెబితే అది అబద్ధం.

పన్నెండింటికి వరదయ్య కొట్టు నుంచి పట్టుపంచెతో వచ్చాడు. బజారంతా తిరిగొచ్చిన బాషా చెమటలు కక్కుతూ పైకొచ్చి జనుము చుట్టాడు, మరలు బిగించాడు. వాల్వు మీద చెయ్యేసి మునెమ్మ వైపు తిరిగాడు.

"సంచులు ఎవురూ తియ్యలేదు గదక్కా?"

చంద్రకాంతమ్మ చూస్తోంది. మునెమ్మకు భయం వేసిన మాట నిజమే. కానీ భయం ఒక్కటే అయితే ఆమెను క్షమించవచ్చు. అద్దం పగలాలని ఉంది ఆమెకు. ఇది పగిలితే, ముహూర్తం నాడే పగిలితే, వరదయ్య ఇక దీని మొహం చూడడు, కొట్టం నిలుస్తుంది. పగిలేది అద్దమే అనుకుంది. బాషా ముఖం సంగతి ఆమెకు తట్టనే లేదు.

"ఎవురూ తియ్యలేదప్పా," అంది.

వరదయ్య గడియారం చూసి ఊఁ అన్నాడు. బాషా కింది వాల్వు తిప్పాడు. పెట్టె పైకొసన గాలి పోవడానికని వదులు చేసిన నట్టు దగ్గర, గాలి వస్తోందా లేదా అని వంగి ముఖం పెట్టాడు. లోపల ఏదో దడదడలాడింది. మరుక్షణం నట్టు ఎగిరిపోయింది, తెల్లటి ఆవిరి, సలసల కాగిన నీళ్ళు అతని ముఖం మీదికి కొట్టాయి. అతను అరిచిన అరుపు గాంధీ రోడ్డు దాకా వినిపించిందన్నారు. అద్దానికి మాత్రం ఒక్క గీత కూడా పడలేదు.

రెండు కళ్ళూ పోయినట్టేనని ఆసుపత్రిలో చెప్పారు. వరదయ్య మంచివాడే, రోజూ పోయి చూసొచ్చాడు. అచ్చిరాలేదని యంత్రాన్ని విప్పించి కంపెనీకే పంపేశాడు. మూడో రోజు నుంచి అండా కింద మళ్ళీ మంట వెలిగింది. కొట్టం మాట ఎవరూ ఎత్తలేదు. మునెమ్మ కోరుకున్నదంతా జరిగింది.

తొమ్మిదో రోజు మద్రాసు నుంచి కంపెనీ మనిషి జయరావు వచ్చాడు. బాషా తప్పు కాదని తేలితే వైద్యం ఖర్చు కంపెనీది. అతని తప్పయితే కంపెనీకి సంబంధం లేదు. తప్పెవరిదో బాషాకే తెలియడం లేదట. మునెమ్మక్కను అడగండి, ఆమె అబద్ధం చెప్పదు అన్నాడట.

జయరావు వెంట బయల్దేరుతుంటే చంద్రకాంతమ్మ ఆమెను వంటింట్లోకి పిలిచింది. ఆ తొమ్మిది రోజుల్లో చంద్రకాంతమ్మ కూడా చిక్కిపోయింది. "నేను తీయించినానని తెలిస్తే ఆయన నా మొహం చూడడు. నువ్వు చెప్పినావంటే ఈ పూటకే నీ పెట్టె వీధిలో ఉంటాది," అంది. అని ఏడ్చింది.

ఆసుపత్రి మంచం మీద బాషా ముఖమంతా కట్లు. పెదవులు మాత్రం కనిపిస్తున్నాయి. అతని భార్య గౌసియా బీ పక్కన కూర్చుని విసురుతోంది.

"మునెమ్మక్కా? వచ్చినావా?" అన్నాడు అడుగుల చప్పుడుకే. "నువ్వే చెప్పక్కా. రెయ్యీ పగలూ అదే తలుస్తా ఉండా. సంచులు ఉన్నిట్టే ఉండినాయి గదా? ఒక్క గడియ గూడా ఎవురూ తియ్యలేదా?"

దారి పొడుగునా చెప్పేద్దామనే అనుకుంది మునెమ్మ. ఇప్పుడు నోరు తెరిస్తే ఆ మాట వచ్చేసేదే. కానీ మంచం మీది కట్లు చూశాక, ఇది తను చేసిన పని అని ఇంతమంది ముందు చెప్పడం ఆమె వల్ల కాలేదు.

"తియ్యలేదప్పా. ఉన్నిట్టే ఉండినాయి."



"అయితే నా తప్పే," అన్నాడు బాషా. "వాల్వు ఒక్కతూరిగా తిప్పేసినట్టుండాను. ముహూర్తమని తొందర పడినట్టుండాను. ఇరవై ఏండ్ల చెయ్యి, ఇట్ల జేసినాదే! రాసుకోండి సార్, నా తప్పే."

జయరావు రాసుకున్నాడు. కింద మునెమ్మ చేత వేలిముద్ర వేయించుకుని, కాగితం సంచిలో పెట్టుకుని బయటికి నడిచాడు.

"అక్కా, నన్ను తిట్టుకోబాక," అన్నాడు బాషా. "అద్దాలు దినామూ తుడవాల, దానికొక మనిషి ఉండాల, మునెమ్మక్కనే పెట్టుకోండి, ఆ కొట్టమూ ఆమెకే ఉంచండి అని ఆదివారమే వరదయ్య సామికి చెప్పినా. సరేనన్నాడు. నీళ్ళు నింపినాక నీకు చెబుదామనుకుంటి. ఆ పొగలో ఇంకా ఉంటే నీ కండ్లు పోతాయక్కా. మళ్ళా నిన్ను ఆ పొగలోకే తోసినా."

మునెమ్మ మంచం పట్టె పట్టుకుని నిలబడింది. జయరావు చెప్పుల చప్పుడు వరండాలో ఇంకా వినిపిస్తోంది. కేకేస్తే ఆగేవాడే.

"పొద్దుణ్ణించీ నీ పేరే తలుస్తా ఉండాడక్కా," అంటూ గౌసియా బీ తన గ్లాసులోని టీ సగం వేరే గ్లాసులో పోసి ఇచ్చింది. మునెమ్మ గ్లాసు అందుకుంది. చప్పుడు ఆగిపోయేదాకా అట్లాగే పట్టుకుని నిలబడి, తరవాత తాగింది.