తునికిరేవు బండ

నేను ఒక సరిహద్దు రాయిని. ఇప్పుడు బట్టలుతికే బండనైపోయాను గానీ, మొదట నాది సర్కారీ నౌకరీ. నవ్వకండి. ప్రాణహిత ఒడ్డున నిలబడి, ఇటు నిజాం రాజ్యం, అటు తెల్లదొరల రాజ్యం అని చెప్పిన వంశం మాది.

నన్ను కొండ నుంచి విడదీసింది ఒక వడ్డెరాయన. నున్నగా చెక్కి, నుదుటి మీద పదిహేడు అంకె వేసి, ఎడ్లబండిలో తునికిరేవుకు తెచ్చి పాతారు. అంకె పడ్డాక నాకు కాస్త పొగరెక్కిన మాట నిజమే. నన్నయితే పాతారు, మరి ఏరు పాతితే నిలుస్తుందా? ప్రతి వానకాలం ఒడ్డు కోసుకుంటూ తనకు తోచినట్టు జరిగేది. దానికి తోడు ఈ జనం! పిల్లను ఆవలి ఒడ్డుకు ఇచ్చేవారు, కోడల్ని ఈవలికి తెచ్చుకునేవారు. ఉప్పు, జొన్నలు, ఇప్పపువ్వు, చుట్టాలు, అన్నీ పడవెక్కి నా పక్కనుంచే పోయేవి. రేవులో సుంకం వసూలు చేసే నాకా ఒకటుండేది; దాని జవాను కునుకు తీసి కళ్లు నులుముకునేలోపు పెళ్లివారంతా ఒక రాజ్యం నుంచి ఇంకో రాజ్యంలోకి దిగిపోయేవారు. నా దగ్గర ఎవరైనా ఆగారంటే అది చుట్ట ముట్టించుకోవడానికి గాలి చాటు కోసమే.

తర్వాత రాజ్యాలు పోయాయి, నాకా కూలింది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటినాక బోడి మల్లయ్య అన్నట్టు నా మొహం చూసేవాడు లేకపోయాడు. ఒక పెద్ద వరదకు బురదలో వెల్లకిలా పడ్డాను. ఊరి బట్టలుతికే పోసవ్వ నన్ను చూసి, "గింత మంచి బండను ఊకెనే పండవెట్టిండ్రు" అని నలుగుర్ని కేకేసి నీళ్ల అంచుకు దొర్లించింది. ఈ తీరమంతా ఇసుకే, రెండు కోసుల దాకా ఇంకో బండ లేదు. మొదట్లో అవమానంగా ఉండేది. ఉన్నమాట చెప్పొద్దూ, నన్ను రోజూ పలకరించే మనిషి దొరికింది అప్పుడే.

ఆ పోసవ్వ కోడలు బానక్క. ఇప్పుడు ఆమెకూ అరవై దాటాయి. ఊళ్లోకి మిషన్లు వచ్చాక హాస్టలు దుప్పట్లే ఆమెకు మిగిలిన బతుకుదెరువు. నేను ఇసుకరాయిని కదా, ఇన్నేళ్ల దెబ్బలకు నా నుదుటి అంకె అరిగి ఆనవాలు లేకుండా పోయింది.

మొన్న వేసవిలో మొండయ్య సారు వచ్చాడు. రిటైరైన సోషలు టీచరు, ఏటి ఒడ్డు ఊళ్ల చరిత్ర రాస్తున్నాడు. పదిహేడో నంబరు రాయి దగ్గర పెద్ద పడవరేవు ఉండేదని ఆయన దగ్గరున్న పాత పటం చెబుతుంది. ఆ రేవు మాదేనని పక్క ఊరివాళ్ల వాదం. నా మీద అంకె చూపించగలిగితేనే తునికిరేవు పేరు పుస్తకంలోకి ఎక్కుతుంది. ఆ పదిహేడు నేనేనయ్యా అని ఎంత మొత్తుకున్నా, రాయి మాట మనుషుల చెవికి ఆనుతుందా?

మూడు రోజులు నా మీద పసుపు పూశాడు, సుద్ద రుద్దాడు, బియ్యప్పిండి చల్లాడు. ఈ వయసులో నన్ను పెళ్లికొడుకును చేస్తున్నాడేమో అనుకున్నాను. అంకె మాత్రం తేలలేదు.

"నెంబరు కనవడితే జిల్లా మ్యూజియమోళ్లకు రాస్త బానక్కా. లారీ పంపి తీస్కపోతరు" అన్నాడు సంబరంగా.

బానక్క దుప్పటి ఇంకో నాలుగు దెబ్బలు గట్టిగా బాదింది. నాకు భయమేసింది. అద్దాల గదిలో నాకు బాగానే ఉంటుంది. నేను పోతే ఆమె దేనిమీద ఉతుకుతుంది, ఏం తింటుంది?

మూడోనాటి సాయంత్రం సారు చేతులు కడుక్కున్నాడు. "ఇగ లాభం లేదు తియ్. మనకు రేవే లేదని రాసుకుంటరు" అన్నాడు.

బానక్క చెయ్యి ఆగింది.

"లేకపోవుడేంది సారూ? నా పెండ్లయినంక పడవల వచ్చి ఈడనే దిగిన. రేవు లేకుంటే నేనెట్లొచ్చిన?"

అడిగేసి, నా మీద అరచెయ్యి ఆనించింది. తర్వాత తడి ఇసుకలో కూచుని వేలితో రెండు గీతలు గీసింది.

"కొత్తల బట్టలు వెట్టి రుద్దుతుంటే ఈ గీతలు చేతికి తాకేటియి. ఇదొక కట్టె, ఇదొక కొడవలి. నాకు సదువు రాదు గని, చేతికి యాదికున్నది."

సారు తన నోటుబుక్కు తీసి చూశాడు, ఇసుకను చూశాడు, మళ్లీ నోటుబుక్కు చూశాడు. పదిహేడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మరి లారీ ఏ దినం వస్తది సారూ? ఆ దినం దుప్పట్లు నానవెట్టను" అంది బానక్క, కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ.

సారు సంచిలోంచి మ్యూజియం వాళ్ల నమోదు కాగితం ఒకటి తీసి రాయడం మొదలుపెట్టాడు. రాయి నంబరు పదిహేడు. ఊరు తునికిరేవు. ఆనవాలు చెప్పినవారు బానక్క. ఆఖరి గడిలో ప్రస్తుత స్థితి రాయాలి. కలం అక్కడ చాలాసేపు ఆగింది. రాసిన తర్వాత ఆమెకు వినబడేలా చదివాడు.

"వాడుకలో ఉన్నది. కదిలించరాదు."

"అంటే ఏంది సారూ?"

"దుప్పట్లు నానవెట్టుకో బానక్కా."