తెల్లబొచ్చు మగపిల్లలు

ఏడో రోజుకు సూది పడకపోతే పద్నాలుగో రోజుకల్లా పోతయి, మగ ఎలుకపిల్లలు రెండూ పోతయి, పొద్దున బోను కడుగుతుంటే చూసిన గద, బొచ్చు తెల్లగ ఎలిసిపోయి, మీసాలు మెలిక తిరిగి, ఒకదానికింద ఒకటి దూరి వణుకుతున్నయి, వాటి తల్లి మాత్రం ఒంటి నిండ మచ్చలేసుకొని నిమ్మళంగ గింజలు నములుతుంది, నేనెక్కిన ఆటో భేస్తాన్ చౌరస్తా ఇంకా దాటలే, భయ్యా జర జల్దీ పోనియ్యి, ఉన్ బస్తీల ఉండే మా చెల్లె హారతికి కొడుకు పుట్టి ఇయ్యాల్టికి ఎనిమిదో రోజు, నేను బోన్లు కడిగే ల్యాబుల ఎలుకల మీద పరిశోధన చేసే అలేఖ్య మేడం నాకు అర్థమయ్యేటట్టు చెప్పింది, నీరజా, ఒంట్ల రాగిని నడిపించే జన్యువు ఇది, ఎక్స్ క్రోమోజోము మీద ఉంటది, ఆడదానికి రెండుంటయి కాబట్టి ఒకటి చెడినా మచ్చలతోని బతుకుతది, మగదానికి ఉన్నదే ఒకటి, మరి మనుషులల్ల మేడం అని తెల్వనట్టే అడిగిన, మనుషులల్ల గూడ ఉంది, మొదటి వారాలల్లనే రాగి సూదులు మొదలువెడితే కొందరు నిలబడ్తరు అన్నది, కొందరు, ఆ ఒక్క మాట పట్టుకొని సెలవు చిట్టీ గూడ రాయకుండ ఉరికొచ్చిన.

నా కొడుకు రాజుకు గూడ పుట్టినప్పుడు జుట్టు నల్లగనే ఉండె, మూడో నెలల తీగల లెక్క మెలికవడి తెల్లబారి విరిగింది, ఎనుక ఫిట్స్, పదినెలలకు నా ఒడిలనే పోయిండు, పెద్ద దవాఖాన్ల డాక్టర్ రిపోర్టు చేతుల పెట్టి ఇది తల్లి దిక్కునుంచి వస్తదమ్మా, చెల్లెలుంటే పరీక్ష చేయించు అన్నడు, అప్పుడే హారతికి సంబంధం కుదిరింది, బియ్యం డబ్బా కింద పెట్టిన కాయిదం ఇయ్యాల్టిదాక మళ్ల తియ్యలే, ఇప్పుడు ఇంటికివోయి తీసి సంచిల ఏసుకున్న, మా అమ్మకు గూడ మాకంటె ముందు ఇద్దరు మగపిల్లలు పోయిన్రు, అందరు గాలి సోకిందన్నరు, పుట్టినోడు మగోడు అని ఫోనొచ్చిన్నాడు నవ్విన, నిజంగనే నవ్విన, ఆ కాయిదం మతికి రానియ్యకుండ ఎనిమిది రోజులు నవ్వుకుంటనే ఉన్న.

గడపల అడుగువెట్టిన్నో లేదో హారతి అత్త కనకవ్వ, ఏంది బిడ్డా గీ ఏళకొచ్చినవ్, పని లేదా అన్నది, కాళ్ల మీద పిల్లగాన్ని పండవెట్టుకొని నూనె రాస్తుంది, నల్లటి జుట్టు, ఒత్తుగ, చూడు అక్కా పాలు మంచిగ తాగుతుండు అంటది హారతి, ముఖం ఎలిగిపోతుంది, ఏం రోగం లేదేమో, సగం సగమే గద, రాకపోవచ్చు గూడ అనుకున్న, చెప్తె కనకవ్వ మమ్ముల రోగపు రక్తం అంటది, చెల్లెను ఇంట్లకెళ్లి ఎల్లగొడ్తరేమో, చెప్పకపోతే వీడు, సంచిలకెళ్లి రిపోర్టు తీసిన, అత్తమ్మా జర ఆగు, హారతీ ఇను, నా రాజును తీస్కపోయిన రోగం మన రక్తంల ఉంది, వీనికి రావచ్చు రాకపోవచ్చు, ఇయ్యాలనే పరీక్షకు తీస్కపోవాలె, ఏం ఎతకాల్నో ఈ కాయిదంల రాసుంది, కనకవ్వ చేతులు నూనెతోనే ఆగిపోయినయి.

హారతి ఏడ్వలే, కాయిదం మీద తారీఖు చూసింది, ఎప్పటిసంది తెలుసు అక్కా అని మెల్లగ అడిగింది, రెండేండ్లాయె అన్న, నీ సంసారం కోసం దాచిన అనబోయిన, గా మాట అబద్ధం, నా కొడుకు నా వల్లనే పోయిండని ఎవ్వరూ అనొద్దని దాచిన, నా కోసమే దాచిన.