సూపర్‌వైజర్ అన్న మాట

మొగిలయ్య అబద్ధాలకోరు కాడు. ముందే చెప్పడం మంచిది, లేకపోతే ఆయన మీద మీకు లేనిపోని అభిప్రాయం ఏర్పడుతుంది. నాచారంలో ఓ లేతు మిషన్ల షెడ్డుకు ఇరవై ఆరేళ్లుగా ఫోర్‌మన్. కొలతలో వెంట్రుకవాసి తేడా వచ్చినా చేసిన పని పక్కన పడేసి మళ్లీ చేయించే మనిషి. ఒక్క పెళ్లిసంబంధాల దగ్గర మాత్రం ఆయన కొలతలు వేరు.

షెడ్డులో పనిచేసే పిల్లల గురించి ఆరా తీయడానికి ఆడపిల్లవాళ్లు గేటు దగ్గరికి వస్తారు కదా. హెల్పరైతే టర్నరంటాడు, టర్నరైతే సూపర్‌వైజరంటాడు, తాగుబోతైతే చాయ్ కూడా ముట్టడంటాడు. "ఒగని ఇల్లు నిలబడుతదంటే నా నోరేమన్న అరిగిపోతదా?" అనేవాడు. వచ్చినవాళ్లు తలూపి, ఆయన పోయించిన చాయ్ తాగి వెళ్లేవారు.

2012 వేసవిలో ఓ మధ్యాహ్నం షెడ్డు ఫోన్ మోగింది. ఢిల్లీలోని ఆస్ట్రేలియా వీసా ఆఫీసు నుంచి ఎవరో మేడమ్. రంజిత్ అనే ఆయన మీ దగ్గర ఏం పని చేస్తాడు, ఎన్నేళ్లుగా చేస్తాడు అని హిందీలో ఎంతో మర్యాదగా అడిగింది. రంజిత్ ఆస్ట్రేలియా వీసాకు పెట్టుకున్నాడని మొగిలయ్యకు తెలుసు. తెలుసు కాబట్టే, అలవాటైన నోరు ఆగలేదు. రంజిత్ సూపర్‌వైజరనీ, ఇరవై మంది అతని చేతికింద చేస్తారనీ, లేతు ముట్టే అవసరమే లేదనీ తనకొచ్చిన హైదరాబాదీ హిందీలో దంచేశాడు. ఫోన్ పెట్టేసి, పిల్లగాని పని అయిపోయిందనుకుంటూ టిఫిన్ డబ్బా విప్పాడు.

నిజంగానే అయిపోయింది. రంజిత్ కాగితాల్లో లేతు నడిపే టర్నరని ఉంది. ఏడేళ్లు లేతు మీద చేసిన అనుభవమే ఆ వీసాకు ఆధారం. పదిరోజులకు ఉత్తరం వచ్చింది: మీ అనుభవ పత్రం అబద్ధమని అనుమానిస్తున్నాం, ఇరవై ఎనిమిది రోజుల్లో జవాబివ్వండి, అది మాకు నమ్మకం కలిగించకపోతే వీసా ఇవ్వం, మూడేళ్లదాకా మళ్లీ ఇవ్వం.

"ఏంది కాకా, గిట్ల జేస్తివి," అన్నాడు రంజిత్. నాలుగు తిట్టినా బాగుండేది అనిపించింది మొగిలయ్యకు.

"నేను చెప్పింది తప్పని నేనే రాసిస్త. నోటరీ గూడ జేయిస్త. నీ పెండ్లాం ఇస్కూల్ల టైపు కొడతది గదా, ఆమెతోనే కొట్టిద్దాం."

రంజిత్ మొహం మాడిపోయింది. "త్రివేణితోని వద్దు కాకా. పెండ్లప్పుడు వాళ్ల నాయినకు నన్ను సూపర్‌వైజరని చెప్పింది నువ్వే గదా. కాపురానికొచ్చినంక నా బట్టల నూనె మరకలు జూసి అడిగితే, కంపెనీల ఆ పోస్టు తీసేసిన్రని చెప్పిన. ఇప్పటికీ గదే నమ్ముతది."

కానీ ఉత్తరం ఇంటికే వచ్చె, విప్పింది త్రివేణే ఆయె. బయటివాళ్లు కొడితే ఇంగ్లీషులో మళ్లీ తప్పులు పడతాయని, తానే కొడతానని పట్టుబట్టింది. ఆదివారం పొద్దున మొగిలయ్య హెచ్‌ఎంటీ నగర్ మీదుగా చిలకానగర్‌లోని వాళ్లింటికి స్కూటర్ మీద వెళ్లాడు. దారిపొడుగునా బండి తిప్పి వెనక్కి పారిపోదామా అనిపించింది.

ఆయన తెలుగులో చెబుతుంటే త్రివేణి ఇంగ్లీషులో కొడుతోంది. "రంజిత్ మొదటి నుంచి టర్నరే. ఎప్పుడు గూడ సూపర్‌వైజర్‌గ చెయ్యలేదు," అన్నాడు మొగిలయ్య.

ఆమె వేళ్లు ఆగాయి. "ఎప్పుడు గూడ అని పెట్టొద్దు మామా. మా పెండ్లప్పుడు చేసిండు గదా. మళ్ల తప్పు దొరుకుతది."

రంజిత్ నేలచూపులు చూస్తున్నాడు. "పెండ్లప్పుడు చెప్పింది గూడ నేనేనమ్మా," అన్నాడు మొగిలయ్య.

త్రివేణి జనగామలో ఉన్న తండ్రి పరంధామయ్యకు ఫోన్ కలిపి, అందరికీ వినపడేలా పెట్టి అడిగింది. ఆయన నవ్వాడు. "అవు బిడ్డా, సూపర్‌వైజరనే అన్నడు. గసుంటి ముచ్చట్ల ఒక మెట్టు దించుకొనే ఇంటం. గేటుల నుంచి నేను సూసిన గదా, లేతు మీదనే ఉండె. పనిమంతుడు గదా అని ఇచ్చిన."

"మరి నాకెందుకు చెప్పలే నాయినా?"

"నీకెరుకే అనుకున్న."

ఆమె ఫోన్ పెట్టేసింది. "పోయిన పోస్టు మళ్ల రావాలని అయిదేండ్ల సంది శనివారం శనివారం తినకుండ ఒక్కపొద్దు ఉంటున్న," అంది, ఎవరివైపూ చూడకుండా. "లేని పోస్టుకు." తన నోటిమాట ఒక ఆడపిల్ల ఆకలి దాకా వెళ్తుందని మొగిలయ్య ఏనాడూ అనుకోలేదు. చెప్పినవాడు పెంచి చెబుతాడని, విన్నవాడు తగ్గించుకుంటాడని, లెక్క సరిపోతుందని అనుకున్నాడు. ఆ లెక్క తెలియనివాళ్లు వింటారన్న ధ్యాసే లేకపోయింది.

త్రివేణి మళ్లీ కీబోర్డు దగ్గరికి జరిగింది. "ఇదే అబద్ధం మా నాయినకు గూడ చెప్పిన్రని రాస్తున్న. అది మీ అలవాటని వీసావాళ్లు అప్పుడన్న నమ్ముతరు," అని, ఆ ముక్క కూడా కొట్టి, ప్రింటు తీసి సంతకానికి ఇచ్చింది. మొగిలయ్య సంతకం చేశాడు.

రెండు నెలలకు జవాబు వచ్చింది. వీసా లేదు. ఎవరూ చెప్పించకుండా మొదట చెప్పిన మాటనే మేం పరిగణిస్తాం, నోటీసు వెళ్లాక మార్చి చెప్పినదాన్ని నమ్మలేం అని రాశారు. మూడేళ్లు.

ఆ సాయంత్రం మొగిలయ్య వాళ్లింటికి పోయి గడప దగ్గరే నిలబడ్డాడు. కాళ్లు పట్టుకోమన్నా పట్టుకునేవాడే. రంజిత్ లేచి కుర్చీ వేశాడు. త్రివేణి చాయ్ తెచ్చి ఆయన చేతికిచ్చింది.

"ఫికర్ జెయ్యకుండ్రి మామా," అంది. "మీ మాటల ఒక్క మెట్టు గూడ దించుకోకుండ నమ్మింది లోకంల ఇద్దరమే. ఆ ఢిల్లీ ఆఫీసరు, నేను."