కత్తిరించిన మూల

కారు కడగటం కూడా ఒక పనేనా అని అడిగేవాళ్లకు ముందే ఒక మాట. పనే. చేసి చూస్తే తెలుస్తుంది. చెయ్యరు కాబట్టే అడుగుతారు.

వదిన ఆ ప్రశ్న చాలామంది నోట విన్నది. ఇంట్లో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. మొగుడు లారీ ఎక్కాడంటే పది రోజులకు గానీ గడప తొక్కడు, తొక్కినా "ఇదిగో" అనే పిలుస్తాడు. ఇక మిగిలింది ఆడపడుచు. పెళ్లి ఊసెత్తితే కత్తెర చూపించే మనిషి. ముందు గదిలో మిషను వేసుకుని బట్టలు కుడుతుంది, రోజుకు వందసార్లు వదినా అంటుంది. అందుకని మనకూ ఆమె వదినే.

వదిన ఉద్యోగం ఆసుపత్రి లాండ్రీలో. పదకొండేళ్లుగా దుప్పట్లు, ఆపరేషన్ గౌన్లు ఉతికి, ఆరేసి, మడత పెడుతోంది. అక్కడ ఆమె పేరు "ఏయ్ లాండ్రీ". డాక్టరు కోటు తెల్లగా ఉంటే డాక్టరు గొప్ప, మరక మిగిలితే లాండ్రీ తప్పు. ఈ న్యాయం ఎవరు రాశారో తెలియదు గానీ రాసినవాడు మాత్రం ఏనాడూ బట్టలు ఉతికి ఉండడు.

ఆరు నెలల కిందట వదిన ఆదివారాల్లో ఇంటి పక్క రేకుల షెడ్డులో కార్లు శుభ్రం చెయ్యటం మొదలుపెట్టింది. పైపైన నీళ్లు కొట్టి పంపటం కాదు. సీట్ల సందుల్లో ఇరుక్కున్న బిస్కట్టు ముక్కల దగ్గర్నుంచి ఏసీ జాలీల్లో పేరుకున్న దుమ్ము దాకా, పాత టూత్‌బ్రష్‌తో, ఓపిగ్గా. దాన్ని డిటెయిలింగ్ అంటారని ఫోన్లో వీడియోలు చూసి తెలుసుకుంది.

"కడగటానికి అంత పొడుగు పేరెందుకు వదినా?" అంది ఆడపడుచు.

"నువ్వు జాకెట్లు కుడుతూ ఫ్యాషన్ డిజైనింగ్ అని బోర్డు పెట్టుకోలేదూ?"

"అది వేరు."

"ఏం వేరు? నీ బోర్డుకు రంగులెక్కువ, అంతే."

లాండ్రీలో నేర్చిన పద్ధతులు షెడ్డులో పనికొచ్చాయి. బకెట్లు రెండు. ఒకదాంట్లో షాంపూ నీళ్లు, రెండోదాంట్లో గుడ్డ జాడించటానికి ఉత్త నీళ్లు. కారు ఒంటికి మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డలు తప్ప మరేవీ తగలకూడదు. అన్నిటికన్నా గట్టి నియమం ఇంకొకటి ఉంది. గుడ్డ నేల మీద పడిందా, ఎంత ఉతికినా సరే, అది మళ్లీ కారు రంగును ముట్టకూడదు. కంటికి కనపడని ఇసుక రేణువు ఒకటి దాని పోగుల్లో దాక్కుని ఉంటుంది. రుద్దితే గీత పెడుతుంది. అందుకని పడ్డ గుడ్డను అక్కడికక్కడే తీసి, కత్తెరతో ఒక మూల కత్తిరించేది వదిన. మూల తెగిన గుడ్డ ఇక చక్రాలు తుడవటానికే. ఆసుపత్రిలోనూ ఇదే ఆచారం. మూల కత్తిరించిన దుప్పటి రోగి మంచమెక్కదు, నేల తుడుస్తుంది.

ఈ సంగతి ఆడపడుచుకు చెప్పలేదు. చెప్పాల్సి వస్తుందని తట్టలేదు.

ఆ ఆదివారం వచ్చింది లాయరమ్మ కారు. నల్లది. నల్ల రంగు చాడీకోరు రంగు, దాని మీద ఏం జరిగినా దాచుకోదు. పైగా అన్నీ ఒక్కసారే వచ్చి పడ్డాయి. వచ్చే నెల నుంచి పూర్తి రోజు చేస్తావా, సగం రోజు చేస్తావా, సోమవారానికి తేల్చి చెప్పమని లాండ్రీ ఇన్‌చార్జి అడిగాడు. పూర్తి రోజంటే కొత్త పద్ధతిలో ఆదివారాలూ డ్యూటీయే. షెడ్డుకు తాళమే. సగం రోజంటే మిగతా సగానికి కార్లు రావాలి. లాయరమ్మ అపార్టుమెంటులో నలభై కార్లున్నాయి. ఆమె నోటి నుంచి ఒక మంచిమాట వస్తే చాలు. రాకపోతే ఇంకో పదకొండేళ్లు "ఏయ్ లాండ్రీ".

పొద్దున ఏడింటికి మొదలుపెట్టింది. చాపలు దులిపింది, వాక్యూమ్ పట్టింది, సీట్ల కింద నుంచి మూడు పెన్నులు, ఒక చెవిపోగు, ఎండిపోయిన నారింజ తొక్క తీసి అద్దం ముందు వరసగా పెట్టింది. తర్వాత కారు ఒళ్లు కడిగి, గుడ్డలు నాలుగు మడతలేసి, తలుపు తలుపూ తుడిచింది. పన్నెండుకల్లా కారు కాటుక డబ్బాలా మెరిసిపోతోంది.

మొగుడి పుణ్యమా అని బండి ముందుకూ వెనక్కూ తియ్యటం వదినకు వచ్చు. చివర్లో ఎండలోకి తీసి ఒకసారి చుట్టూ తిరగటం అలవాటు. తీసింది. తిరిగింది. డ్రైవరు వైపు తలుపు దగ్గర ఆగిపోయింది.

సాలెగూడు. సన్నటి గీతలు, ఒకదాని మీద ఒకటి, గుండ్రంగా. షెడ్డు నీడలో ఒక్కటీ కనపడలేదు. ఎండలో ఆ గుండ్రాలు ఎంత స్పష్టంగా ఉన్నాయంటే, తన చెయ్యి ఎక్కడ మొదలై ఎక్కడ తిరిగిందో వదిన వేలు పెట్టి చూపించగలదు.

బకెట్ అంచున వేసిన గుడ్డ తీసి చూసింది. మూలలు నాలుగూ ఉన్నాయి. కానీ పదకొండేళ్లు మడతలు పెట్టిన వేళ్లు అవి. ఒక మూల కాస్త మందంగా తగిలింది. వెలుతురుకు పెట్టి చూస్తే అతుకు. అదే రంగు దారం, చీమ అడుగుల్లాంటి కుట్టు. ఆ ఇంట్లో అంత సన్నంగా కుట్టే చెయ్యి ఒక్కటే.

"ఏమే అమ్మాయ్! ఇలా రా."

ఆడపడుచు మెడలో టేపుతో వచ్చింది.

"ఈ మూల ఎవరు కుట్టారు?"

"నేనే. బాగుందా?" మొహం వెలిగిపోతోంది. "ఏడు గుడ్డలకు మూలలు తెగి పడున్నాయి వదినా. ఎలుకలు కొరికాయనుకున్నా. ఒకదాన్ని ముక్కలు చేసి మిగతా ఆరింటికీ మూలలు పెట్టా. ఉతికి నీ మంచి గుడ్డల్లో కలిపేశా. నువ్వు కనిపెట్టలేదు చూడు, అదీ నా పనితనం!"

వదిన ఆమె చెయ్యి పట్టుకుని తలుపు దగ్గరకు తీసుకెళ్లి చూపించింది. కత్తెర సంగతి, ఇసుక సంగతి చెప్పింది. వింటున్నకొద్దీ ఆడపడుచు మొహం వాడిపోయింది.

"నాకు ముందే చెప్పొచ్చుగా."

"అదే నా తప్పు."

"కారు నీడలోకి తీసెయ్ వదినా. అక్కడ కనపడదు. తాళాలు చేతిలో పెట్టి పంపించేద్దాం. ఎవరికి తెలుస్తుంది?"

వదిన తలుపు మీద అరచెయ్యి పెట్టి నిలబడింది. నిజమే, ఎవరికీ తెలియదు. ఈ రోజుకు. సోమవారం ఇన్‌చార్జికి సగం రోజని ధీమాగా చెప్పొచ్చు కూడా. కానీ మరక దాచి మడతపెట్టిన దుప్పట్లు ఆమె చూసింది. పైకి తెల్లగా ఉంటాయి. విప్పిన మనిషి తిట్టేది మాత్రం, దాచినవాణ్ని కాదు, మొత్తం లాండ్రీని. అలా తను చెయ్యని తప్పులకు తిట్లన్నీ ఇన్నేళ్లూ తనే తిన్నది.

"ఇక్కడే ఉండనీ," అంది.

లాయరమ్మ గొడుగేసుకుని నడిచి వచ్చింది. కారు చూడగానే నవ్వింది. "షోరూములోది తెచ్చిపెట్టావా ఏంటమ్మా?"

"మేడం, ఈ తలుపు చూడండి."

"మెరుస్తోందిగా."

"అలా కాదు. ఇటు నిలబడి, కాస్త వంగి చూడండి."

లాయరమ్మ కళ్లజోడు పైకి తోసి వంగింది. చాలాసేపు వంగే ఉంది. లేచేటప్పటికి నవ్వు లేదు.

"ఇవి ముందు లేవా?"

"లేవు. నేనే పెట్టాను. నేలన పడ్డ గుడ్డ మంచివాటిలో కలిసిపోయింది. చూసుకోలేదు."

"నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు."

"తెలిసేది మేడం. రేపో ఎల్లుండో సిగ్నల్ దగ్గర ఎండలో ఆగినప్పుడు. అప్పుడు మీ పక్కన నేనుండను, మీరు తిట్టుకోవటానికి."

"నాకిప్పుడు ఒళ్లు మండుతోందమ్మా. నిజం చెబుతున్నా."

"మండాలి మేడం. మీ కారది."

అప్పటిదాకా కిటికీ వెనక నక్కిన ఆడపడుచు ఇక ఆగలేక బయటికొచ్చేసింది. "ఆవిడ కాదండీ, నేను! గుడ్డ మూల కుట్టింది నేను. ఎలుకలనుకున్నా!"

లాయరమ్మ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "ముప్పై ఏళ్ల నుంచి కోర్టుకెళుతున్నా. ఒక్క నేరాన్ని ఇద్దరు నాదంటే నాదని కొట్టుకోవటం ఇదే చూడటం. ఎలుకలెక్కడివి మధ్యలో?"

ఆ కథంతా విన్న తర్వాత కూడా ఆమె మెత్తబడలేదు. "పోతాయా ఇవి?" అంది.

"చాలావరకు పోతాయి. పాలిష్ పూసి చేత్తో మెల్లగా రుద్దాలి. రెండు గంటలు. పిడి దగ్గర రెండు లోతుగా పడ్డాయి, అవి పోవు. పోతాయని చెప్పను."

"కుర్చీ వెయ్యండి."

షెడ్డు నీడలో కుర్చీలో కూర్చుని లాయరమ్మ పేపరు తెరిచింది. చదివింది తక్కువ, చూసింది ఎక్కువ. వదిన కొత్త స్పాంజి తీసింది. అరచెయ్యంత చోటు, పాలిష్ చుక్క, చిన్న చిన్న గుండ్రాలు, తుడుపు, ఎండలో చూపు. మళ్లీ పక్క చోటు. వీపు తడిసిపోయింది.  ముందు గదిలో మిషను నోరు మూసుకుంది. మూడు కావస్తుండగా సాలెగూడు పోయింది. పిడి కింద రెండు గీతలు మిగిలాయి, చెప్పినట్టే.

లాయరమ్మ వంగి చూసి, వాటి మీద గోరు పెట్టి, తాళాలు తీసుకుంది.

"మా అపార్టుమెంటులో చెబుతాను," అంది. "గీతల సంగతి కూడా చెబుతాను."

"చెప్పండి మేడం."

కారు వెళ్లిపోయింది. ఆడపడుచు గుమ్మంలో కూలబడింది. "అయిపోయింది వదినా. గీతల సంగతి విన్నాక ఎవడొస్తాడు?"

వదిన గుడ్డల కట్ట మొత్తం ముందేసుకుని ఒక్కొక్క మూలా తడిమింది. మిగతా అయిదు దొంగలూ దొరికాయి.

సాయంత్రం ఆరింటికి ఫోను మోగింది. ఎవరో మగగొంతు. "లాయరమ్మగారి కింది ఫ్లోరులో ఉంటామండీ. గీతలు పెట్టి మరీ చూపించింది మీరేనా?"

"నేనే."

"నా కారు నాలుగేళ్ల నుంచి ఒకచోట కడిగిస్తున్నా. ఆవిడ చెప్పాక ఇందాక ఎండలో పెట్టి చూశా. ఒళ్లంతా గీతలే! వాడు ఒక్కరోజూ నోరు విప్పలేదు. మీకెప్పుడు వీలవుతుంది?"

"వచ్చే నెల నుంచి రోజూ మధ్యాహ్నాలు," అంది వదిన. సోమవారం చెప్పాల్సిన జవాబు ఆదివారమే నోట్లోంచి వచ్చేసింది.

ఆడపడుచు పక్కనే నిలబడి అంతా విన్నది. వదిన ఒక ఎర్రదారం ఉండ తెచ్చి ఆమె ఒళ్లో పడేసింది.

"నువ్వు కుట్టకుండా ఉండలేవు. కుట్టు. నేలన పడ్డ ప్రతి గుడ్డకూ నడిమధ్యన ఇంత పెద్ద ఎర్ర ఇంటూ గుర్తు. ఇక కత్తెర వద్దు."

"ఇంటూ గుర్తా? నా చేత్తోనా? పువ్వు కుట్టనా పోనీ?"

"పువ్వు కుట్టావంటే ముచ్చటపడి మళ్లీ మంచివాటిలో కలిపేస్తావ్. ఇంటూ గుర్తే."

గొణుక్కుంటూనే ఆరు గుడ్డలకూ కుట్టింది. మంచివాటితో సహా అన్నీ మడతపెట్టి లేస్తుంటే ఒళ్లోంచి మంచి గుడ్డ ఒకటి జారి నేల మీద పడింది. వదిన అవతల బకెట్లు బోర్లిస్తోంది, చూడలేదు. ఆడపడుచు గుడ్డ తీసింది. దులిపింది. కొత్తది, మచ్చ లేదు. ఒక్క క్షణం దాని వంక, వదిన వీపు వంక చూసింది.

తర్వాత మళ్లీ కూర్చుని, సూదిలోకి ఎర్రదారం ఎక్కించింది.