లోపలి వైపు పిడి

వీధిలైట్లు వెలిగేసరికి అమ్మమ్మ చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, వంటింటికీ బాత్‌రూమ్‌కీ మధ్యనున్న గోడలోకి వెళ్ళింది. రోజూ వెళ్ళేదే. ఆ గోడకి కోట్లు తగిలించే కొక్కేలున్నాయి. ఆమెకి దారిస్తూ కోట్లు పక్కకి జరిగి, కాసేపు ఊగి, సర్దుకున్నాయి.

"ఈ కోట్లు వేరేచోట తగిలించమని ఎన్నిసార్లు చెప్పాలే? మొహానికి డీజిలు కంపు," అంది లోపల్నించి.

"నాకక్కడ గోడే కనిపిస్తుందమ్మా. గోడకి కాకపోతే గాలికి తగిలిస్తామా," అంది కూతురు, ఉల్లిపాయ మీంచి తలెత్తకుండా.

అక్కడ తలుపుంది. తలుపు వెనక ప్రార్థన గది. పెద్దవాళ్ళెవరైనా చెయ్యి పట్టుకుని తీసుకెళ్తేనే పిల్లలకి ఆ తలుపు కనిపిస్తుంది, అదీ పాలపళ్ళన్నీ రాలిపోయేలోపు. అప్పటిదాకా వెళ్ళనివాళ్ళకి ఆ తర్వాత తలకిందులుగా తపస్సు చేసినా గోడే. వెళ్ళినవాళ్ళు మధ్యలో మానేసినా గోడే. మొన్న కుళాయి బాగుచెయ్యడానికొచ్చినతను కూడా "ప్రార్థన గదులున్న ఇళ్ళతో ఇదే తంటా" అని గొణుక్కుంటూ పైపుని చుట్టూ తిప్పి వేసి పోయాడు.

ఉల్లిపాయ కోస్తున్నావిడని వీధంతా తాళాలామె అంటారు. సందు చివర కొట్టు ఆమెదే. తాళాలు, గడియలు, తలుపు బందులు, ఏదైనా సరే మూసుకుపోయినదాన్ని తెరిపించడం ఆమె పని. తన ఇంటి గోడ మాత్రం ఆమెకి తెరుచుకోదు. మొగుడు సిటీ బస్సు నడుపుతాడు. పదకొండేళ్ళ కూతురుంది. మనిషి సన్నం, తల గుండ్రం, మాట గుచ్చుకుంటుంది కనుక దాన్ని గుండుసూది అంటారు. గుండుసూదికి మిగిలిన ఒక్క పాలపన్నూ వారం నుంచి ఊగుతోంది. దాంతోపాటు ఇల్లూ ఊగుతోంది.

"ఆ పన్ను ఊడిందంటే పిల్లకి దేవుడు గోడవతల," అంది అమ్మమ్మ, బయటికొచ్చి అన్నానికి కూర్చుంటూ.

"పెద్దయ్యాక నచ్చితే తనే వెళ్తుంది లెండి అత్తయ్యా. ఎవర్నీ రెక్కపట్టి బస్సెక్కించను నేను," అన్నాడు అల్లుడు.

"స్టాపులో ఆపుతావు గదా బాబూ? ఆపకుండా పోయి, ఎక్కడం ఎక్కకపోవడం వాళ్ళిష్టం అంటావా?"

అల్లుడు గ్లాసు ఎత్తి నీళ్ళు తాగాడు. మాట తోచనప్పుడు మగవాళ్ళకి దాహమేస్తుంది.

తాళాలామెకి ఇద్దరి మాటా సబబుగానే తోచింది. అందుకే ఇద్దరి మీదా ఒళ్ళు మండింది.

"నా కూతుర్ని ఆ గదిలో పెట్టి తలుపు మూస్తానంటే నేనొప్పుకోనమ్మా. నన్ను మూశావు, చాలు."

"నేను మూశానా?"

"నా నేస్తం, ఎదురింటి పిల్ల, ఊరొదిలి వెళ్ళిపోయిన రోజు. సామాను లారీ చప్పుడు గోడలోంచి వినిపిస్తోంది. ఒక్కసారి దాని మొహం చూసొస్తానని తలుపు బాదాను, గోళ్ళతో గీకాను. సగంలో లేవకూడదన్నావు. తలుపు తెరవకూడదన్నావు. బయటికొచ్చేసరికి రోడ్డు మీద నూనె మరక తప్ప ఏమీ లేదు."

ఆ మర్నాటి నుంచి ఆమె లోపలికెళ్ళలేదు. కొన్నాళ్ళకి తలుపు గోడైపోయింది. ఇరవై ఏళ్ళు దాటాక, ఇవాళే నోరు విప్పింది.

అమ్మమ్మ చేతిలో ముద్ద కంచంలో పెట్టేసింది.

"ఇన్నేళ్ళూ నేను తెరవలేదనుకున్నావుటే? లోపల దానికి పిడెక్కడుంది? ప్రార్థన అయ్యాక దానంతటదే తెరుచుకోవాలి. మా అమ్మ నన్ను తీసుకెళ్ళిన నాటినుంచీ అంతే."

"తెరవకూడదన్నావు గదమ్మా."

"అన్నాను. తెరవడం నాకు చేతకాదని కన్నకూతురికి ఎలా చెప్పను? నువ్వు తలుపు బాదుతుంటే నేను ఆ రోజు దేవుణ్ణి అడిగింది ఒక్కటే. ఆ లారీ టైరు పంక్చరవ్వాలని."

గుండుసూది కిసుక్కున నవ్వబోయి, అమ్మ మొహం చూసి ఆపేసింది.

తాళాలామె కంచం పక్కకి జరిపింది. ఆమెలోని తాళాల పనివాడు లేచి కూర్చున్నాడు.

"లోపల పిడి లేకుండా తలుపెవడమ్మా పెట్టింది, బుర్రలేనివాడు?"

"తాతల నాటిది."

"తాతలకి చెప్పే దిక్కు లేకపోయింది. తలుపు మందమెంత?"

అమ్మమ్మ బొటనవేలూ చూపుడువేలూ ఎడం చేసి చూపించింది.

మర్నాడు తాళాలామె కొట్లో ఇంకే పనీ ముట్టుకోలేదు. ఇత్తడి పిడి ఒకటి చేసి, పిల్ల వేళ్ళకి గీసుకోకుండా అంచులన్నీ ఆకురాయితో నున్నగా రాసింది. సాయంత్రం అమ్మమ్మ ఆ పిడీ, స్క్రూడ్రైవరూ పట్టుకుని గోడలోకి వెళ్ళింది. తాళాలామె కోట్ల ముందు నిలబడింది.

"పిల్ల నడుము ఎత్తులో పెట్టు. కుడికి తిప్పు."

"నా కుడా, నీ కుడా?"

"పనిచేసేది నువ్వేగా, నీ కుడే. బిగిసిందా?"

"బిగిసింది. ఈ గదిలో దేవుడు ఇంత సణుగుడు ఎన్నడూ విని ఉండడు."

"ఒకసారి తిప్పి చూడు మరి."

"ప్రార్థన వేళైంది," అంది గోడ. ఆ రోజు కూడా తలుపు దానంతటదే తెరుచుకున్నాకే అమ్మమ్మ బయటికొచ్చింది.

ఆ మరుసటి సాయంత్రానికి పన్ను దారానికి వేలాడుతున్నట్టుంది.

"వెళ్తావా?" అనడిగింది తాళాలామె.

"విసుగొస్తే?"

"లోపల పిడుంది."

"పనిచేస్తుందా?"

"చేసింది మీ అమ్మ."

గుండుసూది అమ్మమ్మ చెయ్యి పట్టుకుంది. కోట్లు ఊగి ఆగాయి. తాళాలామె పొయ్యి కట్టేసి గోడకి చెవి ఆనించింది. తల్లి పాత ప్రార్థన మాటలు, వాటి వెనకే పిల్ల గొంతు, తప్పుతూ, దిద్దుకుంటూ. చిన్నప్పుడు తను తప్పిన చోటే అదీ తప్పింది.

అప్పుడు టక్కుమంది. తలుపు కనిపించకపోతేనేం, తను చేసిన పిడి చప్పుడు ఆమెకి ఎక్కడున్నా తెలుస్తుంది.

గుండుసూది బయటికొచ్చి గుప్పిట విప్పింది. పన్ను.

"లోపలే ఊడిందమ్మా. అయినా తలుపు కనిపిస్తోంది."

"ఏముంది లోపల?"

"కిటికీ ఉంది, బాగుంది. మాటలు పొడుగు. తలుపు మీద గోళ్ళతో గీకిన గీతలున్నాయి, నీవటగా. వాటికింద ఇంకా పాతవి ఉన్నాయి. అవెవరివని అడిగితే అమ్మమ్మ చెప్పలేదు."

"రేపు వెళ్తావా?"

"ఏమో. చూస్తా."

తాళాలామె పిల్ల గుండ్రటి తలని పొట్టకేసి హత్తుకుంది. అలా ఉండగానే గోడలో మళ్ళీ టక్కుమంది. కోట్లు జరిగాయి. అంత కిందనున్న పిడి కోసం వంగిన నడుము ఇంకా నిటారు కాకుండానే అమ్మమ్మ బయటికొచ్చి, స్టూలు లాక్కుని, కూతురి పక్కన కూర్చుంది. ఆ వేళప్పుడు తల్లిని గోడకివతల చూడటం తాళాలామెకి పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

"అప్పుడే అయిపోయిందా?"

"లేదు. సగంలో ఉంది."

"మరి లేచొచ్చావేమ్మా?"

అమ్మమ్మ కిటికీలోంచి వీధి అటు చివరిదాకా, ఇటు చివరిదాకా చూసింది.

"ఏదైనా లారీ వెళ్ళిపోతోందేమోనని."