జవాబు వినకుండ వేసిన తాళం

మూసీ తుగ్యాని, ఆ పెద్ద వరద, వచ్చిన అరవై ఏండ్లకు జరిగింది. యూనివర్సిటీల ఆసిడ్ల గదికి రోజూ సాయంత్రం తాళమేసేది నేనే. “ఎవరన్నా ఉన్నరా?” అని అరిచి తలుపు మూస్తుంటి. పన్నెండేండ్లల ఒక్కరు పలకలే. అందుకే వినుడు మానేసిన.

ఆనాడు తాళమేసి ఇంటికి పోతుంటే ఆ గది ఊడ్చే ఎల్లవ్వ పెనిమిటి తార్నాకల ఎదురొచ్చిండు. “కాకా, మా ఆమె ఇంక రాలేదేంది?”

ఆ గదికి కిటికి లేదు. వెనక్కి ఉరికిన. తాళంచెవి రెండుమాట్లు కింద పడ్డది. తలుపు తీస్తే, గాలికోసం కింది సందుకాడ ముక్కు పెట్టి ఎల్లవ్వ పడున్నది. దగ్గింది. బతికున్నది.

“ఉన్న, ఉన్న అని అరిస్తి కాకా! నీ నోరు అడుగుతది, నీ చెవులు అప్పటికే ఇల్లు చేరుతయి!”



తెల్లారి సాయంత్రం అరిచినంక తాళం ఎడమచేత్తో వేసిన. ఆ చేతికి అలవాటు లేదు, అది తడుముకునేదాక చెవులు వినక తప్పలే.